అవతలి ఒడ్డు గొంతు

వరుస కదలడం లేదు. ఒకప్పటి పొగాకు గోదాము ఇది, పాటల హాలుగా మార్చి ఎన్నేళ్ళయినా, నేల ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోలేదు, ఆ వాసనలో ఆర్లిస్ బెగ్లీ టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ముందర అంతా ఆడవాళ్ళ వీపులు, ఆ వీపులకు అవతల తెల్ల గుడ్డ పరిచిన బల్ల, బల్ల వెనక కోయ్ మ్యాబ్రీ. పాటలు అయిపోయాయి, ఇక సంతకాలు. ఇదే ఆఖరి కచేరీ అని బయట అట్ట మీద రాశారు, ఆఖరి అన్న మాట కింద ఎవరో గీత కూడా గీశారు, ఈ పూట అడగకపోతే మళ్ళీ అడగడానికి మనిషి దొరకడు. అడగవలసింది ఒక్కటే. ఆ టేపు ఉందా. జెల్లా పాడిన టేపు. మంచు ఇంకా కరగకముందు పోయింది జెల్లా, ఇప్పుడు కొండల మీద ఆకులు ఎర్రబడుతున్నాయి, ఈ మధ్యలో ఎప్పుడో, ఏ రోజో కూడా తెలియకుండా, ఆమె గొంతు అతని తలలోంచి జారిపోయింది. మాటలు పోలేదు. కాళ్ళు తుడుచుకో. తలుపు వెయ్యి. మందు వేసుకున్నావా. అన్నీ ఉన్నాయి, పిలిస్తే వస్తాయి, కానీ అన్నీ తన గొంతులోనే వినిపిస్తున్నాయి, బొగ్గు పొడి పట్టిన గొంతులో, గరగరమంటూ, తనను తానే కాళ్ళు తుడుచుకోమని చెప్పుకుంటున్నట్టు. ముప్పై ఏళ్ళు గనిలో దిగి పైకొచ్చిన మనిషి, పైకప్పు విరిగిపడుతుంటే పరిగెత్తిన మనిషి, ఒంటరి ఇంట్లో కుర్చీలో కూర్చుని నోరు తెరిచి తలుపు వెయ్యి, తలుపు వెయ్యి అని అనుకుంటూ ఆ మాటకు ఆమె గొంతు తొడగాలని చూస్తున్నాడు, ఎవరైనా చూస్తే పిచ్చాసుపత్రికి పంపుతారు, పంపనీ.

"నాకు కళ్ళు బాగానే కనిపిస్తున్నాయా?" ముందున్నావిడ వెనక్కి తిరిగింది. ఓమా ఫ్యూగేట్. జెల్లాతో కలిసి కోయ్ మ్యాబ్రీ అభిమాన సంఘంలో ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. "కోయ్ వరుసలో ఆర్లిస్ బెగ్లీ! ఇది జెల్లా చూసుంటే రెండోసారి పోయేది."

"ఒకసారి చాల్లే."

"కోప్పడకు నాయనా, నవ్విద్దామని అన్నాను."

"నవ్వాను."

ఆమె అతని మొహం కాసేపు చూసి, "అవునవును, పళ్ళన్నీ కనిపిస్తున్నాయి," అని ముందుకు తిరిగింది. ఆమె జుట్టుకు కొట్టుకున్న సెంటు వాసన, జెల్లా కూడా ఇదే కొట్టుకునేది, కచేరీలకు మాత్రమే, ఇంట్లో ఎప్పుడూ కాదు, మొగుడి కోసం ఎప్పుడూ కాదు, ఇంట్లో ఆమె దగ్గర ఉల్లిపాయ వాసన, సబ్బు వాసన, ఆ రెండే. ఈ ఆడవాళ్ళందరూ అంతే, మొగుళ్ళకు ఉల్లిపాయ, కోయ్ మ్యాబ్రీకి సెంటు.

ఏ మనిషి గొంతయినా ఈ రోజుల్లో ఎక్కడో ఒకచోట మిగులుతుంది కదా అనుకున్నాడు, మొదట్లో వెతికాడు. ఫోన్ దగ్గర మాటలు పట్టే పెట్టె ఉంది, దాంట్లో మీట నొక్కితే వచ్చింది అతని గొంతే, మేము ఇంట్లో లేము, చెప్పేదేదో చెప్పండి అని, మొగాడి గొంతు ఉంటే దొంగలు రారని జెల్లానే పట్టుబట్టి అతని చేత చెప్పించింది, చెబుతున్నంతసేపూ పక్కన నిలబడి నవ్వు ఆపుకుంది, ఆపుకోకపోతే ఆ నవ్వయినా పడి ఉండేది. చర్చిలో ఆదివారం ఆదివారం టేపు చేస్తారు, వెళ్ళి అడిగాడు, పాస్టరు వాక్యం మొదలయ్యాక మీట నొక్కుతారట, పాటలు పట్టరట, టేపు దండగ. దేవుడి ఇంట్లో ఆడవాళ్ళ పాట దండగ, తన నోటి తుంపర మాత్రం నిలవ చేసుకున్నాడు పాస్టరు, ఆ మాట మొహానే అనేసి వచ్చాడు ఆర్లిస్, ఆ తరువాత చర్చికి పోలేదు. బంధువులంతా కలిసిన పండగ రోజు బావమరిది తీసిన సినిమా ఉంది, దాంట్లో అందరూ ఉన్నారు, జెల్లా లేదు, వంటింట్లో ఉంది, ఒక్కచోట చెయ్యి వచ్చి బల్ల మీద గిన్నె పెట్టి వెనక్కి పోయింది. ఆ చెయ్యిని వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి చూశాడు. చెయ్యికి గొంతుండదు.

వరుస ఒక అడుగు జరిగింది. జరగ్గానే అందరూ కలిసి ఊపిరి వదిలారు.

కోయ్ మ్యాబ్రీని అతను ద్వేషించలేదు, ద్వేషించడానికి కూడా మనిషి ఎదురుగా ఉండాలి, కోయ్ మ్యాబ్రీ గోడ మీద ఉండేవాడు, పాల డబ్బాలు పెట్టే చెక్క పైన, తెల్ల టోపీ, మెరిసే గుండీలు, దంతాలు. ఒక మనిషి గిటారు పట్టుకుని ఏడిస్తే ఇంతమంది ఎందుకు కరిగిపోతారో అతనికి ఎన్నడూ బోధపడలేదు. ఒకసారి అడిగాడు, ఏముంది అతగాడిలో అని, జెల్లా గిన్నె తోముతూ, నేను చెప్పలేనిది అతను చెబుతాడు అంది, నువ్వు చెప్పలేనిదేముంది, పొద్దస్తమానం చెబుతూనే ఉంటావు కదా అన్నాడు, ఆమె నవ్విందో లేదో, నీళ్ళ చప్పుడు. గని గురించి పాటలు కట్టాడు కోయ్, ఒక్కనాడు గనిలో దిగింది లేదు. అయినా ఒక పాటలో, ఎంత రుద్దినా కంటి చుట్టూ నల్లటి గీత పోని మనిషి గురించి, పెళ్ళిపటంలో కూడా ఆ గీత కనిపించే మనిషి గురించి ఉంది, ట్రక్కు నడుపుతూ విన్నాడు ఆర్లిస్, బండి పక్కకు ఆపాడు, ఈ వెధవకు ఎవరు చెప్పారు అని కోపం వచ్చింది, తన ఇంటి అద్దంలోకి తొంగి చూసినట్టు. ఇంటికి వెళ్ళి ఆ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, చెబితే ఆమె గెలిచినట్టు.

"నా మొదటి పెళ్ళాం గురించే రాశాడు ఆ రైలు పాట," వెనక గిల్లిస్ అనే మనిషి ఎవరికో చెబుతున్నాడు, నడుముకు అరచెయ్యంత బెల్టు బిళ్ళ, నోట్లో పుల్ల. "పేరొక్కటి మార్చాడు. మిగతాదంతా అచ్చం జరిగిందే."

"మరి నీ రెండో పెళ్ళాం గురించి రాయలేదేం?" ఓమా ఆర్లిస్ భుజం మీదుగా అందుకుంది.

"రాయబోయాడక్కా. తీగలు తెగిపోయాయట."

నవ్వులు. ఆడవాళ్ళందరూ నవ్వుతున్నారు, జెల్లా ఇక్కడ ఉంటే ఆమె కూడా నవ్వేది, ఈ నవ్వుల్లో ఆమెది ఎలా ఉండేది, సన్నగానా, గొంతులోనా, ఆర్లిస్ చెవి పెట్టి ఒక్కొక్క నవ్వునూ వేరుచేసి చూశాడు, బజారులో తప్పిపోయిన పిల్లను వెతుకుతున్నట్టు, ఇది కాదు, ఇదీ కాదు. ఏది కాదో తెలుస్తోంది. ఏది అవునో తెలియడం లేదు.

రేవు పాట అంటారు దాన్ని. కోయ్ పాటల్లో అన్నిటికంటే పాతది. ఏటికి ఇవతల ఒడ్డున మగాడు నిలబడి పడవ కోసం పిలుస్తాడు, అవతల ఒడ్డు నుంచి ఆడమనిషి జవాబు చెబుతుంది, పడవ ఉందంటుంది, నీళ్ళు ఎక్కువగా ఉన్నాయంటుంది, ఎందుకొచ్చావంటుంది. ఆడగొంతు కోయ్ భార్య లూడీన్‌ది. జెల్లా ఇంట్లో ఆ సగమే పాడేది. గిన్నెలు తోముతూ లూడీన్ మాటలు పాడి, కోయ్ మాటలు వచ్చేచోట నోరు మూసుకుని అంతసేపూ ఆగేది, గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు, కుళాయి చప్పుడు, మళ్ళీ సరిగ్గా ఆమె వంతుకు జవాబు. ఎవరికి ఆ జవాబు. పక్క గదిలో పేపరు పట్టుకుని ఆర్లిస్, నలభై ఏళ్ళు జవాబులే విన్నాడు, పిలుపు వినలేదు. ఈ రోజు హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడి మొదటిసారి పిలుపు విన్నాడు, ముసలి కోయ్ పాడాడు, గొంతు గాలికి ఊగే తలుపులా ఉంది, కానీ ఆ పిలుపు విన్నాక ఆర్లిస్ అనుకున్నాడు, ఓహో, ఇదా ఆ గిన్నెల చప్పుళ్ళలో ఉండవలసింది, ఇదా.

జెల్లా పాడిన ఆ రోజు, నలభై ఏళ్ళ కిందట, జాతర మైదానంలో వాన. జెల్లాను దింపి అతను ట్రక్కులోనే కూర్చున్నాడు, ఎప్పుడూ అంతే, ఆమె లోపలికి, అతను బయట, రేడియోలో బంతాట. అద్దాలు ఎత్తేసి ఉన్నాయి, రేకుల మీద పడ్డట్టు వాన చప్పుడు. లోపల లూడీన్‌కు గొంతు పట్టేసిందని, రేవు పాట ఎవరికి వచ్చు అని కోయ్ వేదిక మీంచి అడిగాడని, ఆడవాళ్ళంతా జెల్లాను పైకి నెట్టారని తరువాత లోకమంతా చెప్పింది. జెల్లా వచ్చి ట్రక్కు ఎక్కింది, తల తడిసి మొహానికి అంటుకుంది, నేను పాడాను అంది. తలుపు సరిగా పడలేదు, మళ్ళీ వెయ్యి అన్నాడు. నిజంగానే పడలేదు, వాన లోపలికి కొడుతోంది. మరేమనాలి. రెండు పూటల పని చేసి వచ్చాడు, కళ్ళు మండుతున్నాయి, ఇంటికి ఇంకా ఎంతో దూరం. ఆమె తలుపు తీసి మళ్ళీ గట్టిగా వేసింది. దారంతా మాట్లాడలేదు, మాట్లాడి ఉంటే ఆ మాటలయినా ఇప్పుడు గుర్తుకు తెచ్చుకునేవాడు, అవీ తన గొంతులోనే వచ్చేవి లే.

కోయ్ వాళ్ళు ప్రతి కచేరీ టేపు చేసేవాళ్ళు, బస్సులో వింటూ తప్పులు పట్టుకునేవాళ్ళు. సమాధి దగ్గర నుంచి వచ్చి భోజనాలు చేస్తుంటే ఓమా అన్న మాట ఇది, అప్పుడు వినలేదు అతను, నోట్లో పంది మాంసం ఇసుకలా ఉంది, ఓమా మాట్లాడుతూనే ఉంది, ఆమె ఎప్పుడు మాట్లాడలేదు గనక. మొన్నామధ్య కట్టెలు చీలుస్తుంటే ఆ మాట ఎక్కడినుంచో లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. ప్రతి కచేరీ. అంటే ఆ వాన రోజు కూడా. అంటే ఎక్కడో ఒక పెట్టెలో, ఒక డబ్బాలో, గోధుమరంగు టేపు చుట్ట మీద జెల్లా ఉంది, పడవ ఉంది అంటోంది. గొడ్డలి అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళాడు. ఆ రోజు నుంచి ఇదే. పడుకుంటే ఇదే, లేస్తే ఇదే. గాలి అందని సొరంగంలో ఒక చిన్న కంత కనబడితే మూతి అక్కడే ఆనించి పడుకుంటారే, అలాగ.

"కంగారు పడకు బ్రదర్ ఆర్లిస్," ఓమా వెనక్కి చూడకుండానే అంది. "ఊరికే ఊగుతున్నావు. కోయ్ సంగతి నీకు తెలీదు గానీ, ఆఖరి మనిషి చెయ్యి పట్టుకునేదాకా బస్సెక్కడు. వాళ్ళ నాన్న పోయిన రోజు కూడా అంతే కూర్చున్నాడు."

"గుర్తుంటామా మనం, ఆయనకి?"

ఆమె ఇప్పుడు తిరిగింది. నవ్వడం లేదు. "పేర్లు ఉండట్లేదు. నేను పొద్దున కాఫీ ఇచ్చాను, నువ్వెవరు తల్లీ అన్నాడు. నాకేం బాధ లేదు. పాటలు మాత్రం ఒక్క ముక్క పోలేదు, చూశావుగా. నెల్డా మొదటి మాట చెవిలో వేస్తే చాలు, మిగతాదంతా వచ్చేస్తుంది. ఆయన కూతురు. బంగారం లాంటి పిల్ల."

పేర్లు ఉండట్లేదు. ఆర్లిస్ టోపీ అంచు నలుపుతూ నిలబడ్డాడు. పేరుతో పని లేదు, టేపుతో పని. టేపుకు మతిమరుపు ఉండదు. వరుస జరిగింది, మళ్ళీ జరిగింది, చర్చి ఆడవాళ్ళు మూలన చిక్కుడు గింజల పులుసు గిన్నెలు కడుగుతున్నారు, గిన్నె మీద గిన్నె, ఎవరూ పాడడం లేదు. ఎలా అడగాలి. అయ్యా అనాలా, కోయ్ అనాలా, ఇక్కడందరూ కోయ్ అంటున్నారు, మేనమామ కొడుకును పిలిచినట్టు. నలభై ఏళ్ళు తన ఇంటి గోడ మీద ఉన్న మనిషిని ఏమని పిలవాలి. ఓమా వంతు వచ్చింది, వంగి ఆ ముసలాయన బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది, ఏడుస్తూ పక్కకు తప్పుకుంది, ముందు ఇక వీపులు లేవు.

దగ్గర నుంచి చూస్తే చాలా చిన్న మనిషి. టోపీ పెద్దదైపోయింది. చేతి మీద చర్మం పలచటి కాయితం. పక్కన నెల్డా, యాభై దాటిన మనిషి, కలం అందిస్తోంది.

"ఎవరి పేరుకు రాయమంటారండీ?"

"జెల్లా."

కోయ్ తన ఫోటో ఒకటి తీసుకుని దాని మీద రాశాడు. నెల్డా ఒక్కొక్క అక్షరం చెబుతుంటే, బడిపిల్లాడిలా నాలిక బయట పెట్టి, నెమ్మదిగా.

"ఒకటి అడగాలి," అన్నాడు ఆర్లిస్. దగ్గాడు, ఎప్పటి దగ్గో వచ్చి ఆగలేదు, గిల్లిస్ వెనక నుంచి వీపు మీద చరిచాడు, చెయ్యి తీయి అన్నాడు ఆర్లిస్. "జాతర మైదానంలో కచేరీ. వాన. మీ అమ్మగారికి గొంతు పోయింది. రేవు పాట నా భార్య పాడింది. జెల్లా. మీరు కచేరీలన్నీ టేపు చేసేవారట. ఆ టేపు కావాలి. ఊరికే వద్దు. ఒక్కసారి విని ఇచ్చేస్తాను. ఇక్కడే, మీ ముందే వింటాను."

నెల్డా కలం కింద పెట్టింది. "టేపులు లేవండీ."

"పాతవి. ఎక్కడో పెట్టెలో ఉంటాయి."

"ఎక్కడా లేవు. ఉన్నది ఒక్క చుట్టేనండీ. ఒక రాత్రి కచేరీ దానిమీద పట్టి, బస్సులో విని, మర్నాడు ఇంకో ఊళ్ళో మళ్ళీ దాని మీదే పట్టేవాళ్ళు. టేపు ఖరీదు కదా. అరిగి తెగిపోయేదాకా అదే."

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మర్నాడే. జెల్లా తడి తల ఆరేలోపే, ఇంకో ఊళ్ళో, లూడీన్ గొంతు బాగై వచ్చి జెల్లా మీద పాడింది. దాని మీద ఇంకో ఊరు. దాని మీద ఇంకో ఊరు. గనిలో పొర మీద పొర ఉన్నట్టు, కానీ తవ్వితే దొరికేది కాదు, ఒక్కొక్క పొరా కింది పొరను తినేసింది. నలభై ఏళ్ళ కిందటే పోయింది, అతను ట్రక్కులో ఇంటికి తీసుకొచ్చిన ఆ రాత్రి తెల్లారేసరికే పోయింది, అతను మొన్న కట్టెలు చీలుస్తూ గొడ్డలి పారేసి పరిగెత్తింది దానికోసం. వెనక ఎవరో కదిలారు. వంతు అయిపోయింది, తప్పుకోవాలి. ఆ ముసలాయన మీదికి వంగాడు.

"నీకు గుర్తుందా?" అన్నాడు. "జెల్లా. వాన. చెప్పు. ఎలా పాడింది? నువ్వు పక్కనే ఉన్నావు. నేను లేను. నువ్వున్నావు. ఎలా ఉంది గొంతు?"

"అయ్యా, నాన్నగారు అలసిపోయారు," నెల్డా చెయ్యి అడ్డం పెట్టింది.

కోయ్ మ్యాబ్రీ తల ఎత్తాడు. ఏ పేరూ లేని కళ్ళు. పెదవులు తడుపుకుని, వేలితో బల్ల మీద కొడుతూ, ఎవరూ మొదటి మాట అందించకుండానే పిలుపు అందుకున్నాడు, ఇవతల ఒడ్డు, పడవ కోసం పిలిచే మగాడు, బల్ల దాటి కొంచెమే వినబడేంత చిన్నగా. ఆపాడు. జవాబు రావలసిన చోట వరుసలో ఆడవాళ్ళు ఆగలేకపోయారు, ముందు ఓమా, తరువాత అందరూ, ఎవరి వంటింట్లో వాళ్ళు ఇన్నేళ్ళూ పాడుకున్నది ఒక్కసారి గోదామంతా నిండింది, ఆర్లిస్ ఆ గొంతుల మధ్య నిలబడి ఇది కాదు, ఇదీ కాదు, ఇదీ కాదు అనుకున్నాడు, మునిగిపోతున్నాడు.

కోయ్ చెయ్యి ఎత్తాడు. అందరూ ఆగిపోయారు.

"ఆగండమ్మా," అన్నాడు. "ఏం తొందర మీకు? ఆ పిల్ల ఇంకా ఊపిరి తీసుకోలేదు. ముక్కుతో తీసుకుంటుంది, చిన్నగా. తరువాత అందుకుంటుంది. ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యం. రానివ్వండి."

ఎదురుచూస్తూ కూర్చున్నాడు. హాలంతా ఎదురుచూసింది. ఆర్లిస్ చెవుల్లో, ఎన్నో నెలల తరువాత, మరెవరిదీ కాని ఒక చిన్న శబ్దం, పెరట్లోంచి పిలిస్తే పలికే ముందు ముక్కుతో తీసుకునే ఊపిరి, ఎందుకు పిలిచావో తెలుసు అన్నట్టు, ఆ ఊపిరి వచ్చింది, దాని వెనకే గొంతు వచ్చేస్తోంది, తలుపు దాకా వచ్చింది, ఇంకొక్క క్షణం.

"అది మా అమ్మ గురించండీ," నెల్డా మెల్లగా అంది. "ప్రతి ఊళ్ళోనూ అక్కడ అలాగే ఆగుతారు. మీరేమీ అనుకోకండి."

పోయింది.

"ఆ రోజు నువ్వున్నావా అక్కడ?" అన్నాడు ఆర్లిస్.

"లేనండీ. నాకప్పుడు—"

"అయితే నోరు ముయ్యి."

గిల్లిస్ నోట్లో పుల్ల తీసేశాడు. ఓమా "ఆర్లిస్!" అంది. అతను బల్ల మీది ఫోటో చేతిలోకి తీసుకున్నాడు, వంకర అక్షరాల్లో జెల్లా, కింద గీత. నెల్డా తల దించుకుని ఇంకో ఫోటో సర్దుతోంది, ఆ ముసలాయన అప్పటికే గిల్లిస్ వైపు చూస్తున్నాడు, మొహంలో ఆ పాటా లేదు, ఆ ఎదురుచూపూ లేదు, నువ్వెవరు నాయనా అంటున్నాడు. కూతురు చెప్పిందే నిజం కావచ్చు. అమ్మ గురించే కావచ్చు. ప్రతి ఊళ్ళో, ప్రతి వాడికీ ఇదే చెబుతాడు కావచ్చు. కానివ్వు. గుమ్మం దగ్గర మనిషి, "ఇటు బయటికి, బ్రదర్," అని తలుపు తీసి పట్టుకున్నాడు, బయట ఎండ, ట్రక్కులు, ఇంటికి పోయే రోడ్డు, ఆ ఇంట్లో ఆ కుర్చీ. ఆర్లిస్ టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. ఎడమ చేతి వైపు తిరిగాడు. గోడ పక్కగా, కడిగిన గిన్నెల పక్కగా నడిచి వరుస చివరికి వెళ్ళాడు, పసుపు పువ్వుల గౌను వేసుకున్న ఒక ముసలావిడ వెనక నిలబడి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. "ఇందాక మీ వంతు అయిపోయింది కదండీ?"

"కాలేదు," అన్నాడు.